ఇటలీ కవి దగ్గు

"ఆ దగ్గు మామూలు దగ్గు కాదండీ. నా మనసు ఏదో కీడు శంకిస్తోంది."

కోటేశ్వరి ఈ మాట అన్నది పొద్దున్నే, భర్త బూట్లు వేసుకుంటుండగా. నిజానికి అప్పటికి ఏమీ జరగలేదు. కూతురు ప్రణవి గదిలోంచి రెండుమూడు సార్లు దగ్గు వినిపించింది, అంతే. ఆ నెల సింగపూర్ అంతా దగ్గుతూనే ఉంది. సముద్రానికి అవతల ఇండోనేషియాలో అడవులు తగలబెడితే ఆ పొగంతా గాలివాటున వచ్చి ఊరి మీద కూర్చుంది. ఇక్కడివాళ్ళు దాన్ని హేజ్ అంటారు. సెంబవాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్ కిటికీలోంచి రోజూ కనిపించే షిప్‌యార్డు క్రేన్లు కూడా ఆ పొగలో మాయమైపోయాయి.

"హేజ్‌కి బస్సు డ్రైవరూ దగ్గుతున్నాడు, లిఫ్టులో చైనా ముసలాయనా దగ్గుతున్నాడు," అన్నాడు వీరభద్రరావు, లేసు ముడేస్తూ. "పనిలో పని, వాళ్ళక్కూడా కీడు శంకించెయ్."

"మీకన్నీ హాస్యాలే. హేజ్ దగ్గయితే గొంతులోనే ఆగిపోతుంది. ఇది లోపల్నుంచి తవ్వుకుంటూ వస్తోంది. ఆ దగ్గు నాకు తెలుసు."

'నాకు తెలుసు' అనేసరికి ఆయన నవ్వు ఆపేశాడు. ఆ మాట వెనక ఎవరున్నారో ఆయనకు తెలుసు. అయినా ఆగే వీల్లేదు. బ్యాంకులన్నీ హైదరాబాదు నుంచీ మద్రాసు నుంచీ కంప్యూటరు మనుషుల్ని విమానాల నిండా తెప్పించుకుంటున్న రోజులవి. ఆయన ఆఫీసు ఊరికి అటు చివర, చాంగీ బిజినెస్ పార్క్‌లో. పాత సిస్టమ్ తీసి కొత్తది పెడుతున్నారని నెలరోజులుగా ఆయన ఇంటికి చుట్టపు చూపుగా వస్తున్నాడు. "సాయంత్రం ఫోన్ చేస్తాలే," అని లిఫ్టు వైపు పరిగెత్తాడు.

కోటేశ్వరి తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమె చిన్నప్పుడు, దుగ్గిరాలలో, వాళ్ళ అక్క మంగతాయారు అలాగే దగ్గేది. దగ్గు ఏమిటో కనిపెట్టేసరికి ఆలస్యమైపోయింది. అక్కను వసారా గదిలో పడుకోబెట్టి పిల్లల్నెవరినీ లోపలికి పోనిచ్చేవారు కాదు. అమ్మ మాత్రం గడప ఇవతల చాప వేసుకుని కూర్చుని, అక్క దగ్గినప్పుడల్లా "చిరంజీవ" అనేది. తుమ్మితే అనే మాట దగ్గుకెందుకమ్మా అని కోటేశ్వరి అడిగితే, "నా దగ్గర ఇంకేముందే?" అంది. ఒకనాటి మధ్యాహ్నం గదిలో దగ్గు ఆగిపోయింది. గడప దగ్గర మాటా ఆగిపోయింది. కానీ ఆ ఇంటి పిల్లల నాలుకల మీద మాత్రం అది నిలిచిపోయింది. ఎవరు దగ్గినా సరే, కోటేశ్వరి నోరు ఆమెను అడక్కుండానే చిరంజీవ అనేస్తుంది. బస్సులో ముక్కూమొహం తెలియని మలయ్ పిల్లాడు దగ్గినా పెదాల మీద అనుకుంటుంది.

ఆ రోజు బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేస్తుంటే ప్రణవి స్కూలు స్కర్టు జేబులోంచి తెల్ల చేతిరుమాలు కింద పడింది. దాని మధ్యన ఎర్రటి మరక. అంచులు ఎండి, నడుమ ఇంకా తడిగా ఉంది.

కోటేశ్వరి రుమాలు చేతిలోకి తీసుకుంది. మెషీన్ పక్కనే కూలబడింది. భర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎదురు ఫ్లాట్ హైమావతికి చేస్తే, "ముందు పిల్లను రానివ్వు కోటేశ్వరీ. నువ్వు ఇప్పుడే ఆసుపత్రికి పరిగెత్తకు," అంది ఆవిడ. ప్రణవి బడి నుంచి వచ్చేదాకా ఆ రుమాలు ఒళ్ళో పెట్టుకుని, ఏ దేవుడికి ఏం మొక్కాలో తోచక అందరికీ కలిపి మొక్కింది.

ప్రణవి వచ్చి, రుమాలు చూసి, పకపకా నవ్వింది.

"అమ్మా! ఇది ఫుడ్ కలరింగ్, లా. కేకులో వేసేది. డ్రామా కోసం." మాట చివర ఆ 'లా' ఇక్కడి బళ్ళో అంటుకున్నది.

"డ్రామా ఏమిటే? నెత్తురు కక్కే డ్రామా ఏమిటి?"

అప్పుడు చెప్పింది. బడిలో ఆ ఏడాది నాటకం ఒరాజియో వెన్నారి అనే ఇటలీ ఆయన మీద. నూటయాభై ఏళ్ళ కిందటివాడు. పద్యాలు రాశాడు, ఒక పెద్ద నవలా రాశాడు. అప్పటికి ఇటలీ అంతా ఒక దేశం కాదట, ముక్కలుముక్కలుగా పరాయివాళ్ళు ఏలుతుండేవారట. నవలలో వాళ్ళను ఎగతాళి చేశాడని పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఆ చెమ్మకు క్షయ పట్టుకుంది. పుస్తకంలో ఆయన బొమ్మ చూపించింది. సన్నటి మొహం, పల్చటి మీసం, పెద్ద పెద్ద కళ్ళు.

"ఎన్నేళ్ళకు పోయాడూ?"

"ట్వంటీ సిక్స్."

"శివశివా. పెళ్ళయిందా?"

"అమ్మా!"

"తల్లుందా?"

"ఉంది. లాస్ట్ సీన్‌లో జైలుకి వస్తుంది, కొడుకును చూడ్డానికి."

"మరి దుప్పటీ అదీ ఇచ్చేవారా అక్కడ? తిండి?"

"హి ఈజ్ ఆల్రెడీ డెడ్, అమ్మా. ఇప్పుడు వర్రీ అయ్యి ఏం చేస్తావ్?"

కోటేశ్వరికి కాస్త ఊపిరి ఆడింది. ఆ వెంటనే ఇంకో భయం పుట్టింది. "అది సరే. ఆ చచ్చిపోయేవాడి వేషం నీకెందుకే? రాజు వేషమో రాణి వేషమో లేదా? రోజూ నోటితో దగ్గీ దగ్గీ, పోతున్నా పోతున్నా అంటే పైన తథాస్తు దేవతలు ఉంటారు..."

ప్రణవి నవ్వు పోయింది. బ్యాగు నేల మీద పెట్టింది. "అందరూ ఆ రోల్ అడిగారమ్మా. క్లాస్ అంతా. మిస్ నన్ను చూజ్ చేసింది. ఇక్కడికొచ్చాక నన్నెవరైనా దేనికైనా చూజ్ చెయ్యడం ఇదే ఫస్ట్ టైమ్."

గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఈ పిల్ల నోరు తెరిస్తే బళ్ళో నవ్వేవారు, ఆ యాసకు. మధ్యాహ్నం డబ్బా ఒక్కతే కూర్చుని తినేదిట. ఆ సంగతి తల్లికి చాన్నాళ్ళకు గానీ తెలియలేదు. తెలిసి కూడా ఏం చేసింది? ఏం చేయగలదు? టీచరుతో మాట్లాడే ఇంగ్లీషు తన దగ్గర లేదు. తెనాలిలో పదో తరగతి తెలుగు మీడియంలో గట్టెక్కిన మనిషి. ఇప్పుడు పిల్ల తనంతట తానే నోరు కూడగట్టుకుంది, ఆ నోటితో నాలుగొందల మంది ముందు మాట్లాడబోతోంది. వద్దనడానికి తనెవరు?

అయినా ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్ళి మిరియాలు, కరక్కాయలు, శొంఠి కొనుక్కొచ్చింది. సెరంగూన్ రోడ్డు మీద ఇసకేస్తే రాలని జనంలో పక్కన నడుస్తూ హైమావతి పడీపడీ నవ్వింది. "వేషంలో దగ్గుకు కషాయం పెట్టే తల్లివి నువ్వొక్కదానివే. ఇక ఆ ఇటలీ ఆయనక్కూడా ఒక గ్లాసు పొయ్యి."

ప్రణవి కషాయం తాగింది కూడా, గొడవ దేనికని. చిక్కల్లా వేరేచోట వచ్చింది. గదిలో దగ్గు రిహార్సల్ మొదలవగానే వంటింట్లోంచి "చిరంజీవ" అని వినిపించేది.

"అమ్మా, స్టాప్ లా! డైలాగ్ మర్చిపోతున్నా."

"అనలేదే. దానంతటదే వచ్చింది."

"హాల్లో కూడా వస్తే?"

"రాదు. నీ మీద ఒట్టు... ఛీ ఛీ, నీ మీద కాదు, నా మీద ఒట్టు."

నాటకం నాడు కోటేశ్వరి పట్టుచీర కట్టుకుని, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని మరీ బయల్దేరింది. నోట్లో అది ఉంటే మాట పెగలదని ఆమె ఉపాయం. వీరభద్రరావు ఎలాగో ఆఫీసు నుంచి నేరుగా హాలుకు వచ్చాడు గానీ, రెండో రంగం నడుస్తుండగానే జేబులో ఫోను గిలగిలలాడింది. "సర్వర్ పడిపోయిందిట," అని గొణిగి, వంగి వంగి బయటికి నడిచాడు. ఆమె పక్క కుర్చీ ఖాళీ అయిపోయింది.

ఇంగ్లీషు సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా కళ్ళు చాలాయి. వేదిక మధ్యన కమ్మీలు లేని పెద్ద చెక్క తలుపు, అవతల ప్రణవి. మీసం అంటించారు, జుట్టు టోపీలో దోపేశారు. ఇవతల తల్లి వేషంలో ఒక మలయ్ పిల్ల, చేతిలో రొట్టె బుట్ట. పక్కన కాపలావాడు. హాల్లో దీపాలు తగ్గాయి. ఎవరూ కదలడం లేదు.

అవతల దగ్గు మొదలైంది.

ఎంత బాగా దగ్గిందంటే, ముందు వరసలో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. కోటేశ్వరి కరక్కాయను పళ్ళ మధ్య బిగించింది. తలుపు ఇవతల తల్లి ఏమీ అనలేదు. బుట్ట పట్టుకుని నిలబడింది. అంటుంది, ఇప్పుడు అంటుంది అని కోటేశ్వరి ఎదురుచూసింది. మళ్ళీ దగ్గు. ఆ తల్లి తల దించుకుంది. పలకవేమే తల్లీ, నీ బిడ్డే కదే. అవతల ప్రణవి తలుపుకు చెయ్యి ఆనించి ఒంగిపోయింది. ఆ ఒంగడం, ఆ భుజాలు, అచ్చం వసారా గదిలో మంచం పట్టె పట్టుకున్న అక్కలాగే. మూడోసారి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆగిపోయింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"చిరంజీవ!"

ఎవరా అని అందరితో పాటు కోటేశ్వరి కూడా వెనక్కి తిరగబోయి, అది తన గొంతేనని తెలుసుకుంది. కరక్కాయ ముక్క ఎగిరి ముందు కుర్చీలో పడింది.

తర్వాత వెనక వరసలో ఏ అల్లరి పిల్లో ఆ మాటను వంకరగా మళ్ళీ అంది. ఒకళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి పాకి హాలంతా అంటుకుంది. తల్లి వేషం వేసిన పిల్ల బుట్ట అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రణవి నిటారుగా నిలబడి చీకట్లోకి చూసింది. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. చెప్పాల్సిన మాట కోసం నోరు తెరిచింది, రాలేదు. మళ్ళీ తెరిచింది. ఇక తెర వేసేశారు.

ఇంటికి వచ్చేప్పుడు రైల్లో ప్రణవి ఎదురు సీట్లో కూర్చుని కిటికీ వైపే చూస్తూ ఉంది. ఇంట్లో అడుగు పెట్టి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తలుపు ఆ తర్వాత తెరుచుకోకపోలేదు. బడికి వెళ్ళడానికి తెరుచుకునేది, స్నానానికి తెరుచుకునేది. తెరుచుకోనిది పిల్ల నోరు. కోటేశ్వరి కంచం పెడితే తినేది, తిన్న కంచం కడిగి బోర్లించేది. అదే మరీ భయంగా ఉండేది ఆమెకు. తిట్టినా బాగుండు. కంచం విసిరినా బాగుండు.

"నోరు నా మాట వినలేదే తల్లీ," అని తలుపుకు చెప్పుకునేది. "కావాలని అంటానా? నీ పరువు తియ్యాలని ఉంటుందా నాకు?" తలుపు అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అప్పుడిక బుర్ర పరిపరివిధాల పోయేది. పిల్ల ఏమైనా చేసుకుంటేనో? కుర్చీ జరిగిన చప్పుడు వస్తే ఎందుకు జరిగిందా అని, రాకపోతే ఎందుకు రాలేదా అని. "ఆ గది గడియ పీకించెయ్యండి," అని భర్తకు ఫోన్ చేసింది.

"గడియ పీకిస్తే మాట్లాడుతుందా? ఉడుకు పిల్ల, రెండ్రోజులు పోతే అదే సర్దుకుంటుంది," అన్నాడు ఆయన. రెండ్రోజులూ పోయాయి, ఇంకో నాలుగూ పోయాయి. హైమావతి వచ్చి తలుపు కొట్టి, "ఏమ్మా హీరో, ఆంటీకైనా ఆటోగ్రాఫ్ ఇవ్వవా?" అంది. "లేటర్, ఆంటీ," అని లోపల్నుంచి వచ్చింది. ఆ ఒక్క మాటకు కోటేశ్వరి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. గొంతు బాగానే ఉంది పిల్లకు. తనకే దక్కడం లేదు.

వీరభద్రరావు బడికి ఫోన్ చేసి మళ్ళీ ఒక్కసారి ఆడిస్తారా అని అడిగి చూశాడు. హాలు ఇక ఖాళీ లేదు, పరీక్షలు వచ్చేశాయి అన్నారు. ఆ దారీ మూసుకుపోయింది. కషాయం కాచి పోస్తే పోయేది కాదు ఇది. మొక్కుకుంటే వెనక్కి వచ్చేది కాదు. చెయ్యగలిగిందేమీ లేని పని ఒకటి ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం ఎలాగో ఆమెకు చేతకావడం లేదు.

శనివారం సాయంత్రం పెద్ద వాన పడింది. పొగ విరిగి, చాన్నాళ్ళకు షిప్‌యార్డు క్రేన్లు మళ్ళీ కనిపించాయి. వీరభద్రరావు ఆ వారం మొదటిసారి వెలుతురుండగా ఇంట్లో ఉన్నాడు. సోఫాలో కాళ్ళు చాపుకుని టీ తాగుతుంటే కోటేశ్వరి ఎదురుగా నేల మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. అన్ని రోజులుగా మనసులో నలుగుతున్నది అడిగేసింది.

"ఏమండీ, చివరికి ఆ తల్లి ఏమంది?"

"ఏ తల్లి?"

"ఆ ఇటలీ తల్లి. నా మూలాన ఎవరికీ తెలియకుండా పోయింది కదా. మీరు పాప పుస్తకం చదివారుగా. తలుపు దగ్గర నిలబడి కొడుకుతో ఏమంది?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఏమీ అనలేదే. కాపలావాడు షరతు పెట్టాడు. ఇక్కడిదాకా రానిస్తాను, ఒక్క మాట పెదవి దాటినా నీ కొడుకును చీకటి కొట్లో వేస్తాను అన్నాడు. అందుకని కాసేపు నిలబడి, రొట్టె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది."

"దగ్గు వింటూ? ఊరికే వెళ్ళిపోయిందా?"

"ఊరికే వెళ్ళిపోయింది. ఆ రొట్టె కూడా కాపలావాడే తినేశాడుట. ఆ పిల్లాడు పోయే ముందు రాసిన పద్యంలో అదే అడుగుతాడు. ఆ రోజు తలుపు అవతల ఎవరో ఉన్నట్టు అనిపించింది, మా అమ్మేనా, వచ్చిందా, రాలేదా అని. తెలియకుండానే పోయాడు."

కోటేశ్వరి గోరుచిక్కుళ్ళు పక్కకు నెట్టింది.

"వచ్చిందని కూడా తెలియలేదా ఆ బిడ్డకి?"

"తెలియలేదు."

"అయ్యో. పలికితే చీకటి కొట్టు. పలక్కపోతే తల్లి వచ్చినట్టే తెలియదు. ఏం చెయ్యాలండీ మరి ఆవిడ?"

"నన్నడిగితే ఏం చెప్పనే?"

"ఆవిడ బుద్ధిమంతురాలు. పళ్ళబిగువున నోరు మూసుకుంది." కోటేశ్వరి మూసి ఉన్న గది తలుపు వైపు చూసింది. "నేను నోరు తెరిచి, నా చేతులారా పిల్లను చీకటి కొట్లో వేశాను."

"ఊరుకోవే," అన్నాడు వీరభద్రరావు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం దొరికే మనిషికి ఆ పూట ఏమీ దొరకలేదు. కప్పు తీసుకుని, అందులో టీ లేదని చూసి, మళ్ళీ పెట్టేశాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. లోపల పిల్ల విన్నదో, చెవుల్లో పాటలు పెట్టుకుందో ఎవరికీ తెలియదు.

కోటేశ్వరి లేచి వంటింట్లోకి వెళ్ళింది. పప్పుచారు మరిగింది, పోపు ఒక్కటే మిగిలింది. మనసు మనసులో లేదు. గరిటెలో నూనె కాగి పొగలు వస్తుంటే చూసుకోకుండా ఎండుమిరపకాయలు తుంచి వేసింది. భగ్గున కోరు లేచింది. కిటికీ, వానకని మూసినది, మూసే ఉంది. ఆ ఘాటు నేరుగా గొంతులోకి దిగింది. దగ్గు పట్టుకుంది. స్టవ్ కట్టేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గట్టు పట్టుకుని ఒంగిపోయింది. ఊపిరి అందడం లేదు, కళ్ళ వెంట నీళ్ళు. హాల్లోంచి భర్త, "మంచినీళ్ళు తాగు," అని కేకేశాడు.

దగ్గు ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

ఆమె గట్టుకు ఆనుకుని అలాగే ఒంగి ఉండిపోయింది. తను దగ్గితే ఆ మాట అనేవాళ్ళు దుగ్గిరాలలో అమ్మ పోయినప్పుడే పోయారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను అనే మాట అది. ఇప్పుడు ఆ వరసలో తనకు పైన ఎవరూ లేరు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వాన చుక్కలు కిటికీ రేకు మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. పప్పుచారు గిన్నె మీద మూత సర్దింది. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. చాలాసేపు లేదు.

గది తలుపు కిర్రుమంది. పూర్తిగా తెరుచుకోలేదు. ఆ సందులోంచి, వారం రోజులుగా ఇంట్లో వాడక బొంగురుపోయినట్టున్న గొంతు, వచ్చీరాని పెద్దరికంతో అంది.

"చిరంజీవ."